ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి

రాయపూర్‌లోని మోవాలో ఆపద సాయానికి వాలంటీర్ల దళాన్ని తయారుచేయడం ఎలా?

తాడు, టార్చిలైటు, లైఫ్ జాకెట్ తర్వాత కొనచ్చు. ముందు మోవా బజారులో ఏదో ఒక స్టేషనరీ కొట్టుకెళ్లి రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, బాల్‌పెన్ను ఒకటి తీసుకోండి. పెన్నును దారంతో నోట్‌బుక్కుకే కట్టేయండి. కట్టకపోతే సరిగ్గా అవసరమైన రోజే అది ఎవరి జేబులోనో ఉంటుంది.

మా దళం మొదటి మాక్ డ్రిల్ అయ్యాక నేర్చుకున్న సంగతి ఇది. కాలనీలో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయనుకుని, ముసలివాళ్లను ఎత్తుగా ఉన్న హాలుకు చేర్చాలి. పదిహేడు మంది కుర్రాళ్లు వచ్చారు. నలభై నిమిషాల్లో పని ముగించి చప్పట్లు కొట్టుకున్నాం. లెక్కపెడితే పదహారు మందే ఉన్నారు. పదిహేడోవాడి ఫోను స్విచాఫ్. ఇద్దరు ఇటు, ముగ్గురు అటు పరిగెత్తారు. వాళ్లలో ఒకతను గట్టు దిగబోయి మడమ బెణికించుకున్నాడు. అరగంటకు తేలిందేమిటంటే, మన పదిహేడోవాడు ఇంటికెళ్లి స్నానం చేసి ఉప్మా తింటున్నాడు. వెళ్తున్నానని ఎవరికి చెప్పాలో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. నిజంగా నీళ్లే వచ్చుంటే, ఉప్మా తింటున్నవాడి కోసం ఐదుగురిని వరదలోకి పంపేవాణ్ణి.

కొత్తగా దళం కట్టేవాళ్లకు ధైర్యం గురించి చెప్పక్కర్లేదు. అది కుర్రాళ్ల దగ్గర కావలసినంత ఉంటుంది. కొరత పడేది లెక్క. ఎవరు వచ్చారు, ఎక్కడికి వెళ్లారు, తిరిగొచ్చారా?

1. మోవాకు ఏ ఆపద వస్తుందో తేల్చుకోండి

శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడిన కుటుంబాలకు ఆపద అంటే తుపానే. ఇక్కడ సముద్రం లేదు. ఖారూన్ నది ఊరికి పడమట దిక్కున ఉంది. మోవా తూర్పు వైపు, బలోదాబజార్ రోడ్డు మీద. భూకంపాల భయమూ తక్కువే. కాబట్టి కోస్తా ఊళ్ల ప్రణాళికను ఇక్కడ అతికిస్తే పనికిరాదు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఒడిశా దాటి ఇక్కడికొచ్చేసరికి గాలి తగ్గి వాన మిగులుతుంది. ఆ వాన నాలాలు పట్టనంత కురిస్తే పల్లపు గల్లీల్లోకి నీళ్లొస్తాయి.

మన పట్టీలో ఉండాల్సినవి ఐదు: మే నెల ఎండ, జులై, ఆగస్టుల్లో నిలిచే నీళ్లు, పిడుగు, గ్యాస్ లేదా కరెంటు వల్ల వచ్చే మంట, వానాకాలం ఇళ్లలోకి వచ్చే పాము. ఎండను ఎవరూ విపత్తు కింద లెక్కేయరు. 'నౌతపా' అని ఇక్కడివాళ్లు పిలిచే, మే చివర మొదలయ్యే తొమ్మిది రోజుల్లో రేకుల గుడిసెలో కూలి కుటుంబం ఎలా ఉంటుందో ఒక మధ్యాహ్నం వెళ్లి చూస్తే, మీ పట్టీలో మొదటి పేరు అదే అవుతుంది.

2. గల్లీలు నడవండి

ఇద్దరిద్దరుగా, సాయంత్రం ఐదు తర్వాత, ఇంటింటికీ వెళ్లండి. నోట్‌బుక్‌లో ఇంటికి అర పేజీ. ఎంతమంది, నడవలేనివాళ్లెవరు, తప్పనిసరి మందు ఏమిటి, రాత్రిపూట ఎవరుంటారు, మెయిన్ స్విచ్ ఎక్కడ, తాళంచెవి ఎవరి దగ్గర, పై ఊళ్లో ఉన్న బంధువు ఫోను. ఆధార్ నంబరు, జీతం, కులం అడగొద్దు. అడిగితే తలుపు మూసుకుంటుంది, మూసుకోవాలి కూడా.

పేర్లు తీసేసి ఒక పేజీ చూపిస్తాను. "ఇల్లు 17. ఇద్దరు. పెద్దాయనకు మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. ఆమెకు వినపడదు. బెల్లు కొట్టి లాభం లేదు, పడకగది కిటికీలోంచి టార్చి వేయాలి. అబ్బాయి హైదరాబాదులో. రెండో తాళంచెవి 19లో." ఈ నాలుగు ముక్కలు లేకపోతే అర్ధరాత్రి ఆ ఇంటి ముందు నిలబడి బెల్లు కొట్టుకుంటూ, ఇంట్లో ఎవరూ లేరనుకుని ముందుకెళ్లిపోతాం.

కాలనీ గేటు దగ్గర ఆగిపోకండి. కట్టుబడి పనుల దగ్గర గుడిసెలు వేసుకున్నవాళ్లు, హాస్టల్ పిల్లలు, రాత్రి కాపలా మనిషి ఏ సంఘం జాబితాలోనూ ఉండరు. మోవా ఒకప్పుడు ఊరు, ఇప్పుడు నగరంలో కలిసింది. పాత గల్లీల్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఇళ్లే ఎక్కువ. 'సియాన్' అంటే పెద్దలు, 'లైకా' అంటే పిల్లలు. ఈ రెండు మాటలతో అడిగితే వచ్చే జవాబు, ఆఫీసు హిందీలో అడిగితే రాదు. ఆ గల్లీలోని 'మితానిన్'ను వెంటబెట్టుకుని వెళ్తే ఇంకా మేలు. 2002లో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన ఈ ఆరోగ్య కార్యకర్తల పథకం దేశంలో ఆశా వ్యవస్థకంటే ముందుది. ఏ ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉందో మితానిన్‌కు నోటికి వచ్చు.

ఇంటింటి నడక ఎంత పనిచేస్తుందో మన తెలుగు తీరమే చెప్పింది. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు దాదాపు పదివేల మంది పోయారు. 1990 మే నెలలో అంతటి తుపానే మళ్లీ కృష్ణా, గుంటూరు వైపు వచ్చింది. అప్పుడు చనిపోయినవాళ్లు వెయ్యికి లోపే. మధ్యలో హెచ్చరికలు మెరుగయ్యాయి, తుపాను షెల్టర్లు వచ్చాయి, ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే కదిలించారు. అంతమందిని కదిలించాలంటే ఎవరో ఒకరు ఇంటిముందు నిలబడి "బయల్దేరండి" అనాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే మీ నోట్‌బుక్‌లో రాసుకోవాల్సిన సంగతి.

ఈ వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒంటరిగా ఉన్న ముసలామె ఇంటి తాళంచెవి ఎక్కడుందో మూడొందల మందికి తెలియాల్సిన పని లేదు. అసలు నోట్‌బుక్ ఒకరి దగ్గర, జిరాక్స్ ఇంకొకరి దగ్గర. అంతే.

3. మనుషుల్ని ఎంచుకోండి

అందరూ నీళ్లలో దూకేవాళ్లే అయితే దళం నడవదు. వంట వచ్చినవాళ్లు, కారు ఉన్నవాళ్లు, ఎలక్ట్రీషియన్, నర్సు, మందుల షాపు అతను, ఫోన్లో ఓపిగ్గా మాట్లాడగలిగే రిటైర్డ్ టీచరుగారు కావాలి. ఈత వచ్చా అని నేరుగా అడగండి. "కొంచెం వచ్చు" అంటే రాదు అని రాసుకోండి. ఆడవాళ్లు లేని దళం సగం ఇళ్ల గడప దాటలేదు. అర్ధరాత్రి ఒంటరి మహిళ ముగ్గురు మగవాళ్లకు తలుపు తీయదు.

ఒక నాయకుడు ఐదుగురిని చూసుకోగలడు. ఏడుగురైతే కష్టం. పదిమందైతే వాళ్లు గుంపు, అతను ఆ గుంపులో ఒకడు. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఈ ఐదు లెక్కే ఉంది. కాబట్టి ఇరవైమంది ఉంటే నలుగురు నాయకులు, వాళ్ల పైన ఒక సమన్వయకర్త. ప్రతి నాయకుడికీ ఒక మారు మనిషి. ఆపద వచ్చిన రోజు అసలు నాయకుడు విశాఖపట్నంలో పెళ్లిలో ఉంటాడు, ఇది ఖాయం.

సమన్వయకర్త చేతికి బురద అంటకూడదు. అతను టేబుల్ దగ్గరే ఉండాలి. ఇది అందరికంటే కష్టమైన ఉద్యోగం. పక్కింట్లో అరుపులు వినిపిస్తుంటే కుర్చీలో కూర్చోవడం ఎవరికి చేతనవుతుంది? నాకు చేతకాలేదు. అందుకే నోట్‌బుక్‌ను ఆ పదిహేడో కుర్రాడికి అప్పగించాం. అతను ఇప్పుడు నన్ను కూడా సంతకం పెట్టనిదే గేటు దాటనివ్వడు.

4. సర్కారుతో ముందే పరిచయం పెట్టుకోండి

వరద రోజున మొదటిసారి ఫోన్ చేస్తే మనం ఎవరో వాళ్లకు తెలియదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. ఆ కార్యాలయానికి, మున్సిపల్ జోన్ ఆఫీసుకు, పోలీస్ స్టేషన్‌కు, మీ వార్డు పార్షద్‌కు, అంటే కార్పొరేటర్‌కు, ఒక్కో పేజీ ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి. అందులో దళం పేరు, ఇద్దరి ఫోన్లు, మీరు చేయగలిగే పనులు రాయండి. చేయలేని పనులు కూడా రాయండి. పడవ నడపలేం, శిథిలాలు తొలగించలేం అని ఒప్పుకుంటే మీ మిగతా మాటలు నమ్ముతారు.

కేంద్రం 2016లో ముప్పై వరద జిల్లాలతో మొదలుపెట్టి, తర్వాత 350 జిల్లాల్లో లక్షమంది లక్ష్యంగా విస్తరించిన 'ఆపదా మిత్ర' పథకంలో శిక్షణ పన్నెండు రోజులు. 18 నుంచి 40 ఏళ్లలోపు వారికి. జిల్లా కార్యాలయంలో తదుపరి బ్యాచ్ ఎప్పుడో అడిగి మీవాళ్లలో ఇద్దర్నైనా పంపండి. వాళ్లు వచ్చి మిగతావాళ్లకు నేర్పుతారు.

నంబర్లు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి: అత్యవసరం 112, అంబులెన్స్ 108, జిల్లా విపత్తు కంట్రోల్ రూము 1077, కరెంటు 1912, గ్యాస్ లీకు 1906. ఫోన్లో సేవ్ చేశాం అంటారు. ఫోను ఛార్జింగ్ అయిపోయాక గోడే గతి.

5. నాలుగు ఆదివారాల శిక్షణ

మొదటి ఆదివారం శరీరం. గుండె ఆగినవాడికి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. నోట్లోకి ఊదడం రాకపోతే నొక్కడం ఒక్కటే చేయండి. బొమ్మ మీద రెండు నిమిషాలు చేస్తే ఎంత పెద్ద పహిల్వానైనా చెమటలు కక్కుతాడు. అందుకే ఇద్దరు మారి మారి చేయాలి. పిడుగు పడినవాళ్లను ముట్టుకుంటే షాక్ కొడుతుందనే భయం ఒట్టిది. వాళ్ల ఒంట్లో కరెంటు ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. వడదెబ్బ తగిలి మాట తడబడుతుంటే నోట్లో నీళ్లు పోయకండి, ఒంటిమీద పోసి విసరండి, 108కి చేయండి. పాము కరిస్తే తాడు బిగించొద్దు, కోయొద్దు, పీల్చొద్దు. కాలు కదలకుండా కట్టు కట్టి నేరుగా విరుగుడు మందున్న పెద్దాసుపత్రికి. నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలడం అంటే అనుమానించండి.

రెండో ఆదివారం మంట, కరెంటు. తెగి పడిన తీగను కర్రతో తీసే సినిమా వేషాలు వద్దు. ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా నిలబడి 1912కి చేయడమే పని.

మూడో ఆదివారం నీళ్లు. దీనికి ఎక్కువ సేపు పెట్టుకోండి. మోకాలి కిందే ఉన్నా పరుగెత్తే నీళ్లు మనిషిని పడేస్తాయి, రెండడుగుల ప్రవాహం కారును లేపుతుంది. మూత పోయిన మ్యాన్‌హోల్ పైన నీళ్లు గుండ్రంగా తిరుగుతాయి, కొన్నిసార్లు అదీ కనపడదు. చేతిలో వెదురుకర్ర లేకుండా ఎవరూ అడుగు వేయకూడదు. కర్రతో ముందు నేల తట్టి, తర్వాత పాదం. మునుగుతున్నవాడి విషయంలో వరుస మారకూడదు. ముందు కర్ర అందించు, అందకపోతే తాడు విసురు, అదీ కాకపోతే పడవ కోసం చూడు. దూకడం చిట్టచివరిది, అదీ నేర్చినవాడికే.

ఇంట్లో తేలే జాకెట్ చేసుకోవడం పిల్లలకు భలే నచ్చుతుంది. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు నాలుగు తెచ్చి మూతలు గట్టిగా బిగించండి. మూత కింద చిన్న పాలిథీన్ ముక్క పెడితే గాలి పోదు. రెండు సీసాలు ఛాతీ మీదికి, రెండు వీపు మీదికి వచ్చేలా పాత లుంగీ గుడ్డలో వరసగా పెట్టి కుట్టండి. పైన భుజాల మీదుగా, కింద చంకల కిందుగా కట్టు తాళ్లు. ముందు తొట్టిలో ముంచి చూడండి. ఒక సీసా బుడగలు వదిలితే దాన్ని మార్చండి. ఇది రక్షక దళం వచ్చేదాకా తేలి ఉండటానికి. దీన్ని కట్టుకుని ఎదురీదడానికి కాదు. ఈ మాట కుర్రాళ్లకు మూడుసార్లు చెప్పాలి.

నాలుగో ఆదివారం డ్రిల్. ఈల సంకేతాలు అంతర్జాతీయ రెస్క్యూ టీములు వాడేవే నేర్చుకోండి. ఒక పొడుగు ఈల అంటే అంతా ఆపి నిశ్శబ్దం. మూడు పొట్టి ఈలలు అంటే వెంటనే బయటికి. ఒక పొడుగు, ఒక పొట్టి అంటే పని మళ్లీ మొదలు. రేపు నిజంగా జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) వస్తే వాళ్ల ఈల మీకు అర్థమవుతుంది.

6. ఆ రోజు

మొదటి పని, ఎత్తు మీద ఉన్న చోట ఒక టేబుల్ వేసి నోట్‌బుక్ తెరవండి. గడులు: పేరు, వెళ్లిన టైము, ఎక్కడికి, ఎవరితో, తిరిగి రావాల్సిన టైము, వచ్చిన టైము, సంతకం. ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు. రావాల్సిన టైము దాటి పది నిమిషాలైతే ఫోను, ఇరవై నిమిషాలైతే ఇద్దరు మనుషులు.

ఆ రోజు మీరు పిలవనివాళ్లు బోలెడుమంది వస్తారు. మంచివాళ్లే, బండ్ల మీద వస్తారు, సెల్ఫీ కూడా తీసుకుంటారు. వెళ్లిపొమ్మంటే మనసు నొచ్చుకుంటుంది, లోపలికి వదిలితే వాళ్లనే వెతకాల్సి వస్తుంది. వాళ్ల కోసం ఒడ్డున చేసే పనులు ముందే సిద్ధంగా పెట్టుకోండి. పొట్లాలు కట్టడం, రోడ్డు మలుపులో బండ్లను ఆపడం, ఫోన్లు ఛార్జింగ్ పెట్టివ్వడం.

పంపకం గురించి విజయవాడ నేర్పిన పాఠం ఒకటుంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కృష్ణలో కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డుగా 11.43 లక్షల క్యూసెక్కులు పారిన సమయమది. పాలు, నీళ్లు, అన్నం పొట్లాలు లారీల కొద్దీ వచ్చాయి, డ్రోన్లతో మేడల మీదికి దించారు. అయినా ఫ్లైఓవర్ దగ్గర, రోడ్డు మొదట్లో ఉన్నవాళ్లకు రెండుసార్లు అందినవి, లోపలి సందుల చివర ఉన్నవాళ్లకు ఒక్కసారీ అందలేదన్న మొర పత్రికల్లో వచ్చింది. ఎవరి దుర్మార్గమూ అక్కర్లేదు. బండి ఎక్కడ ఆగితే అక్కడ చేతులు చాస్తారు, ఇచ్చేస్తాం. దీనికి మందు ఒకటే. గల్లీ చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. నోట్‌బుక్‌లో ఇళ్లు ఉన్నాయిగా, అందిన ఇంటికి టిక్కు పెట్టండి.

వాట్సాప్‌లో ఆ రోజుకు దళానికి వేరే గ్రూపు, మెసేజ్‌కు నాలుగే ముక్కలు: ఎక్కడ, ఎంతమంది, ఏం కావాలి, ఎన్నింటికి చూశాను. టైము లేని మెసేజ్‌ను నమ్మకండి. ఉదయం కాపాడిన కుటుంబం కోసం సాయంత్రం దాకా ఫార్వర్డ్‌లు తిరుగుతూనే ఉంటాయి. పిడుగులకు 'దామిని' యాప్, హెచ్చరికలకు 'సచేత్' యాప్ ప్రతి నాయకుడి ఫోన్లో ఉంటే చాలు.

7. సరుకులు

మన తెలుగువాళ్లు ఎక్కడున్నా మొదట చేసే సాయం పులిహోర. మంచిదే, ఒక పూట నిలవుంటుంది. పొట్లం మీద వండిన టైము రాయండి. కానీ వండే ముందు ఎదుటివాళ్లను అడగండి. ఎండాకాలం శిబిరంలో ఇక్కడి కూలివాళ్లు బోరే బాసీ, అంటే మన చద్దన్నం లాంటిదే, ఉల్లిపాయతో ఇష్టంగా తింటారు. ఓఆర్‌ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి.

పాత బట్టలు తీసుకోవద్దు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దానమిచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి, వాటిని ఎత్తివేయడమే ఇంకో పని అయింది. కొత్త తువ్వాళ్లు, లోపలి దుస్తులు, శానిటరీ ప్యాడ్లు అడగండి. ఎవరూ ఇవ్వరు గనక వాటికే కొరత. డబ్బు వస్తే ఇద్దరి సంతకాలతో ఖర్చు, మర్నాడే గోడమీద లెక్క.

8. తర్వాత

నీళ్లు తీశాక వాలంటీర్లకు టీ ఇచ్చి ఇంటికి పంపేయకండి. ఎవరికి గాయమైంది, ఎవరు నిద్రపోలేదు అడగండి. చెప్పులు లేకుండా బురదలో తిరిగినవాళ్లను డాక్టరుకు చూపించండి. వారంలోపు అందరూ కూర్చుని తప్పుల పేజీ రాయండి. పేర్లు వద్దు, జరిగింది మాత్రమే: "తాడు పొడవు చాలలేదు. 23వ ఇంటి తాళంచెవి ఉన్న మనిషే ఊళ్లో లేడు."

ఏటా జూన్ మొదటి ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని మళ్లీ నడవండి. అద్దెవాళ్లు మారుతారు, పిల్లలు పుడతారు, పెద్దలు పోతారు. పోయినవాళ్ల పేరు మీద గీత కొట్టే పని మాత్రం ఆ ఇంట్లో వాళ్ల ముందు చేయకండి. అదే రోజు టార్చిల్లోంచి బ్యాటరీలు తీసి విడిగా కవర్లో పెట్టి, ఆ కవర్‌ను టార్చికే రబ్బరు బ్యాండుతో చుట్టండి. లోపలే వదిలేస్తే శ్రావణం నాటికి కారి స్ప్రింగు తుప్పు పడుతుంది. మాకు రెండు టార్చిలు అలాగే పోయాయి.